మీసం తియ్యను: స్నార్కెల్ మాస్కు గారికి ఒక లేఖ

మహారాజశ్రీ స్నార్కెల్ మాస్కు గారి దివ్య సముఖానికి,

ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లో ఒక హోటల్ గది నుంచి, ఎడమ ముక్కులో ఇంకా ఉప్పునీళ్ళు మిగిలి ఉన్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, నేను తప్ప. తమరు ఫహార్దో రేవులో, నీలం ప్లాస్టిక్ డబ్బాలో, మందు కలిపిన నీళ్ళలో మునిగి, తోటి మాస్కులతో హాయిగా ఉన్నారని తలుస్తాను.

నన్ను గుర్తుపట్టారా? మొన్న శనివారం పొద్దున కులేబ్రా దీవికి బయల్దేరిన కాటమరాన్‌లో, ఎడమవైపు బల్ల మీద, మీసంతో కూర్చున్నవాణ్ణి. పడవ మొత్తానికి మీసం ఉన్నది నాకొక్కడికే. అప్పటికి అదేమంత ముఖ్యమైన సంగతి అనిపించలేదు.

ప్యూర్టో రికోకే ఎందుకెళ్ళావని మనవాళ్ళెవరూ అడగరు. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు దాటినవాడికి కరేబియన్‌లో చేతికందేది ఆ చుట్టుపక్కలే. 1898 నుంచి అమెరికా చేతిలో ఉంది కాబట్టి డొమెస్టిక్ ఫ్లైట్ ఎక్కి వెళ్ళి రావచ్చు. డాలస్‌లో మాకు తెలిసిన ఇళ్ళన్నీ అక్కడికే వెళ్ళొచ్చాయి, అందరి ఫోటోల్లోనూ ఒకటే కొబ్బరిచెట్టు. మేమూ వెళ్ళాం. నేను, నా భార్య, ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి, ఆరు నెలలు ఉండి వెళదామని శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అత్తగారు. పడవ షికారుకి తలకి 159 డాలర్లు. రూపాయల్లోకి మార్చొద్దని మా ఆవిడ పదిహేనేళ్ళుగా చెబుతోంది. మార్చాను. అద్దంలాంటి నీళ్ళు, గడ్డి మేసే పచ్చ తాబేళ్ళు, స్నార్కెలింగ్ (అంటే ముఖం నీళ్ళలో ముంచి, గొట్టంతో ఊపిరి పీలుస్తూ, తేలుతూ అడుగు చూడటం) సామాను ఉచితం అని పడవవాళ్ళు రాశారు. సామాను అంటే తమరే.

నిజం చెప్పాలంటే తమరి మీద నాకు గౌరవం ఉండేది. మనిషి కన్ను గాలిలో చూడటానికి పుట్టింది. నీళ్ళలో తెరిస్తే అంతా అలికేసినట్టుంటుంది. కంటి ముందు గుప్పెడు గాలి నిలబడితే చాలు, చేప పొలుసుతో సహా కనిపిస్తుంది. ఆ గుప్పెడు గాలిని పట్టుకుని ఉండటమే తమరి ఉద్యోగం. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు.

తమరిని మోసుకెళ్ళిన కాటమరాన్‌తో కూడా నాకు కొంచెం పేచీ ఉంది, అది వేరే లేఖ. మాది భీమిలి. కాటమరాన్ అన్న పేరు తమిళం కట్టుమరం నుంచి వెళ్ళింది, మేం తెప్ప అనేవాళ్ళం. దుంగలు తాళ్ళతో కట్టి కెరటం దాటించేవాళ్ళు, తిరిగొచ్చాక విప్పి ఒడ్డున ఆరేసేవాళ్ళు. ఇక్కడ ఆ పేరు పెట్టుకుని తిరుగుతున్న రెండు పొట్టల పడవ తీరు పసిఫిక్ దీవుల వాళ్ళది. పేరు ఒకరిది, ఒళ్ళు ఇంకొకరిది, బిల్లు నాది. పైగా పొద్దున తూర్పు నుంచి ఎదురుగాలి. కులేబ్రా ఉన్నదీ తూర్పునే. కాబట్టి వెళ్ళేటప్పుడు ప్రతి కెరటాన్నీ ఎక్కి దిగాం. టాబ్లెట్ మీద సంతకాలు పెట్టించుకున్న కాగితంలో ప్రాణం పోయినా మాకు సంబంధం లేదని ఎందుకు రాశారో సగం దూరంలో అర్థమైంది. రమ్ పంచ్ ఉచితమే, కానీ ఈత అయ్యాకే పోస్తారట. ధైర్యం కావల్సింది ముందు కదా!

దిగబోయే ముందు పడవ కుర్రాడు తమరిని చేతికిచ్చి, అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్దుకోమన్నాడు. గ్లాసు పెదాలకి తగిలితే ఆ నీళ్ళు పారబోసే ఇంటి నుంచి వచ్చారు మా అత్తగారు. ఆవిడ తమరిని రెండు వేళ్ళతో పట్టుకుని, తన సీసాలో నీళ్ళతో మూడుసార్లు కడిగి, కొంగు లేదు కాబట్టి కూతురి తువ్వాలుతో తుడిచి, "నోట్లో పెట్టుకునే ఆ గొట్టం మాత్రం నాకొద్దు బాబూ, ఎంతమంది ఎంగిలో" అనేశారు.

తర్వాత నా వంతు. తమరిని పట్టీ లేకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గట్టిగా గాలి పీల్చమన్నాడు. అతుక్కుని ఉండిపోవాలట. మా అమ్మాయికి అతుక్కుంది. మా ఆవిడకి అతుక్కుంది. ఎదుటి బల్ల మీద ఒక బోడి తాతగారికి అతుక్కుని, పీకితే చప్పుడు కూడా వచ్చింది. నేను పీల్చాను. తమరు జారి అతని అరచేతిలో పడ్డారు. ఇంకోసారి. మళ్ళీ అరచేతిలో. అప్పుడు అతను నా మూతి వంక చూసి, డాక్టరు రిపోర్టు చూసినట్టు తల ఆడించి, "బిగోతే" అన్నాడు. స్పానిష్‌లో మీసం అట. పట్టీ బిగిస్తే సరిపోదా అన్నాను. బిగోతే ఉన్నవాడికి బిగించినా లాభం లేదు, ఇంకా ఎక్కువ కారుతుందన్నాడు. కుక్కర్ రబ్బరు మధ్య వెంట్రుకలు ఇరుక్కుంటే విజిల్ రానట్టే, తమరి సిలికాన్ అంచుకీ నా పైపెదవికీ మధ్య మీసం ఉన్నంతకాలం నీళ్ళకి దారి ఉంటుంది.

అంతవరకూ సైన్సు. ఒప్పుకున్నాను. ఆ తర్వాత అతనన్న మాటే నేను మూడు రోజులుగా మింగలేకపోతున్నాను. ముక్కు కింద ఒక్క గీత గీసేస్తే చాలట. చాలామంది అలాగే చేస్తారట. పడవలో రేజరు కూడా ఉందట.

అయ్యా, మా ఇళ్ళల్లో తండ్రి బతికుండగా మీసం తియ్యరు. తీసినవాణ్ణి ఎందుకు తీశావని ఎవరూ అడగరు, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి పరామర్శిస్తారు. మా నాన్నగారికి 78. ఇవాళ్టికీ తెల్లారకముందే భీమిలి బీచ్ రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, దారిలో కనపడ్డవాళ్ళందరికీ మోకాళ్ళ నొప్పులకి వైద్యం చెప్పి వస్తారు. ఆదివారం వీడియో కాల్‌లో నేను నున్నటి మూతితో కనిపిస్తే ఆయన ముందు తన నాడి చూసుకుంటారు. తర్వాత మా అమ్మని పిలిచి, అమెరికాలో ఎవరికేమైందో కనుక్కోమంటారు. ఇరవై ఏళ్ళప్పుడు మొలిచిన దగ్గర్నుంచి, పెళ్ళికీ, మూడు లేఆఫ్‌లకీ, కరోనాకీ తియ్యని మీసం. తాబేలు కోసం తియ్యాలా? అదీ ఒక గీతా? ముక్కుకీ మీసానికీ మధ్య కాలవ తవ్వినట్టు!

మా అమ్మాయికి ఆ ఆలోచన తెగ నచ్చింది.

నేను ఊరుకోలేదు. ముఖమంతా కప్పే రకం మాస్కు ఒకటి స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్నాను. మీసం లోపలే ఉండిపోతుంది, గొడవ లేదు. అది సంచీలోంచి తియ్యగానే, ఆ రకం మా పడవలో ఒప్పుకోం, లోపల వదిలిన గాలే మళ్ళీ పీల్చే ప్రమాదం ఉందని పక్కన పెట్టించారు. చివరికి వాజెలిన్ డబ్బా తెచ్చిచ్చారు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, పడవ అంచున కూర్చుని, పొద్దున తాగిన కాఫీ కూడా కడుపులో లేనివాణ్ణి, మీసానికి వాజెలిన్ పట్టించుకున్నాను. మా ఆవిడ వీడియో తీసింది. తీసింది సరే, ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం దేనికి?

మమ్మల్ని దింపిన చోటు పేరు తామరిందో. అంటే చింత. (అత్తగారి హ్యాండ్‌బ్యాగులో పులిహోర ఉంది. శనివారం నాడు పడవ వాళ్ళిచ్చిన శాండ్‌విచ్‌లో పంది మాంసం తీసేసి, ఇప్పుడిది వెజ్ అన్నారు కాబట్టి, మధ్యాహ్నం ఆ పులిహోరే మమ్మల్ని బతికించింది. పడవ కుర్రాడు కూడా రెండు చెంచాలు తిన్నాడు.) అక్కడ 1999 నుంచి చేపలు పట్టడం నిషేధం. అడుగున సముద్రపు గడ్డి, ఆ గడ్డి కోసం వచ్చే పచ్చ తాబేళ్ళు. అన్నీ ఉన్నాయని మా వాళ్ళు చెప్పారు. నేను విన్నాను.

ఎందుకంటే నేను ముఖం ముంచిన మూడో సెకనుకి మీరు కారడం మొదలుపెట్టారు. ముందు ముక్కు కింద ఒక చల్లటి బొట్టు. ఆ తర్వాత పెదవి మీద గుంట. ఆ తర్వాత ముక్కు రంధ్రాల దాకా. వాజెలిన్ మీసం మీద నిలవలేదు, అద్దం మీదకెక్కింది. దాంతో కనిపించిన కాస్తా జిడ్డు పట్టిన కిటికీలోంచి వాన చూసినట్టయింది. తల పైకెత్తి, కింది అంచు కొంచెం లాగి, ముక్కుతో ఊది నీళ్ళు వదలమన్నారు కదా అని వదిలాను. పది సెకన్ల సినిమా, రెండు నిమిషాల ఇంటర్వెల్. సముద్రం ఒడ్డున పుట్టి ఈత రానివాణ్ణి, లైఫ్ జాకెట్టు మెడ కింద పొడుస్తుంటే, తేలుతూ, ఊదుతూ, మునుగుతూ, దగ్గుతూ. మూడు చెరువుల నీళ్ళు తాగించారంటారే, అలాంటి లెక్క కాదు. అట్లాంటిక్ ఎంతో కరేబియన్ ఎంతో తెలియకుండా కలిపి తాగించావు.

అవును, తాగించావు. ఇంక తమరూ లేదు మీరూ లేదు. ముక్కు మూసుకుని తపస్సు చేసేవాళ్ళకి దేవుడు కనపడ్డాడు. నాకు నీ పుణ్యమా అని ముక్కు మూసుకున్నా నీళ్ళే! నీకున్నది ఒకే ఒక్క పని. నీళ్ళు ఆపడం. గొడుగు కూడా అంతే చేస్తుంది, దానికి ఎవరూ గుండు గీయించుకోరు. ప్రపంచంలో మీసాలున్న మగాళ్ళు లేరనుకుని నిన్ను తయారుచేశారా? ఉన్నారని తెలిసి, వాళ్ళు తీసుకుంటారులే అనుకున్నారా? నాకు రెండోదే అనిపిస్తోంది, అందుకే ఇంత ఒళ్ళు మంట.

మా అత్తగారు గొట్టం లేకుండా, రబ్బరు ట్యూబు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ముఖం ముంచారు. ఒక్కసారి. అంతే. లేచి చేతులు జోడించారు. "కూర్మావతారం బాబూ! గడ్డి తింటోంది!" శ్రీకూర్మం గుళ్ళో పెంచే తాబేళ్ళని చిన్నప్పటి నుంచి చూసిన మనిషి. అక్కడివి అరచేతిలో పడతాయి, ఇక్కడిది గంగాళమంత ఉందట. నీళ్ళలో అద్దంలోంచి చూస్తే ఏదైనా మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది, ఆ వాటా నీకు వదిలేస్తాను. కానీ సాయంత్రానికి అది మా హాల్లో సోఫా అంత అయింది. ఆ పెరుగుదల మాత్రం అత్తగారిదే. "ఏటి బాబూ, అంత దగ్గరగుంటే మీకు కనపడలేదా?" అని ఆవిడ జాలిగా అడిగినప్పుడు నా ముక్కులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తున్నాననుకున్నారు.

ఇంక చాలనుకుని నిన్ను పీకి నుదుటి మీదకి తోశాను. కళ్ళు తుడుచుకుని చూద్దును కదా, రెండు మూరల దూరంలో నీళ్ళలోంచి ఒక తల లేచింది. ముడతల మెడ, మూసుకున్న నోరు, తడి కళ్ళు. ఫూ అని ఊపిరి వదిలింది. అదీ నాలాగే గాలి కోసం పైకొచ్చింది. నన్ను చూసింది. నువ్వు లేకుండా, అద్దం లేకుండా, వాజెలిన్ లేకుండా, మొదటిసారి నేను దాన్ని చూశాను. గొంతు పెగల్లేదు. కదలకుండా ఉండిపోయాను.

అప్పుడు ఈల మోగింది.

మాస్కు నుదుటి మీదకి తోస్తే, నేను ఆపదలో ఉన్నాను రక్షించండి అని అర్థమట. నాకెవరు చెప్పారు? చెప్పే ఉంటారు, ఆ టైములో నేను మీసానికి నూనె రాసుకుంటున్నాను. కుర్రాడు దూకాడు. ఎర్ర ట్యూబు వచ్చి నా తలకి తగిలింది. తల మాయమైంది, అంటే తాబేలుది. బాగానే ఉన్నానని అరవబోతే నోట్లోకి కెరటం వచ్చింది, దాంతో నిజంగానే ఆపదలో ఉన్నట్టు కనిపించాను. నలభై మంది చూస్తుండగా తాడు కట్టిన దూడలా నన్ను పడవ దాకా లాక్కెళ్ళారు. బోడి తాతగారు చప్పట్లు కొట్టారు.

తర్వాత కులేబ్రాలోనే ఫ్లామెంకో బీచ్‌లో దింపారు. అక్కడ ఇసకలో అమెరికా నేవీ వదిలేసిన ట్యాంకు ఒకటి తుప్పుపట్టి, మీద రంగురంగుల బొమ్మలతో పడి ఉంది. ఏళ్ళ తరబడి ఆ దీవిని గురి చూసి కాల్చి సాధన చేసుకున్నారు. ఊళ్ళో జనం ఎదురు తిరిగి, 1975 కల్లా సాగనంపారు. ఆ ట్యాంకు నీడలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. పిడికెడు జనం నేవీనే వెళ్ళగొట్టారు. నా ముఖం మీద నుంచి జానెడు సిలికాన్ ముక్కని నా అంతట నేను తీసుకుంటే, ఈలలు వేసి జైలు ఖైదీలా పట్టుకొచ్చారు.

నీ అంచు ముద్ర నుదుటి నుంచి బుగ్గల దాకా ఇంకా ఎర్రగా ఉంది. ఎక్కడెక్కడ అతుక్కోవాలో అక్కడంతా అతుక్కున్నావన్నమాట, ఆ రెండంగుళాలు తప్ప.

ఇట్లు,
మీసాలతో సహా,
భీమిలి వాస్తవ్యుడు, ప్రస్తుతం డాలస్.

తా.క.: ఇప్పుడే పడవ వాళ్ళు ఫోటోలు పంపారు. నాది ఒకటే ఉంది. ఎర్ర ట్యూబు పట్టుకుని, నోరు తెరిచి, నువ్వు నుదుటి మీద కిరీటంలా. 40 డాలర్లట. సిగ్గులేని ధర, కొనేది లేదని ఫోను పక్కన పడేశాను. మా అమ్మాయి పెద్దది చేసి చూపించింది. నా వెనకాల, నీళ్ళ మీద, గోరంత తల ఒకటి మళ్ళీ పైకి లేచి ఇటే చూస్తోంది. డబ్బులు కట్టేశాను.