సీరియల్ నంబర్ ఒక్కటే వారంటీ కాదు

"కంప్యూటర్ విడిభాగాలు ఎవరి దగ్గర కొన్నా తేడా లేదు, వారంటీ ఇచ్చేది తయారీ సంస్థే, సీరియల్ నంబర్ ఉంటే చాలు, సీలు ఉంటే వస్తువు కొత్తదే, అమ్మిన తరువాత రీసెల్లర్‌కు (కొని మళ్లీ అమ్మే వ్యాపారికి) బాధ్యత ఉండదు, అధీకృత డీలర్లు పేరుకే ఎక్కువ ధర వసూలు చేస్తారు, అందుకని ఎవరు తక్కువకు ఇస్తే వారి దగ్గరే కొనండి" అన్న సలహా చాలాకాలంగా అందరి నోటా వినిపిస్తోంది. దాన్ని నమ్మి ఇబ్బంది పడినవారిలో నేనూ ఉన్నాను కనుక, అందులోని ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించదలిచాను.

సీరియల్ నంబర్ ఉంటే తయారీ సంస్థే అంతా చూసుకుంటుందన్నది మొదటి మాట. ప్రాసెసర్లు, హార్డ్ డిస్కులు రెండు దారుల్లో బయటికి వస్తాయి. కొన్ని చిల్లర కొనుగోలుదారు కోసం పెట్టెలో వస్తాయి. మరికొన్ని కంప్యూటర్లు తయారుచేసే సంస్థలకు టోకున వెళ్లి, వాటిలో కొంత భాగం రీసెల్లర్ల చేతుల మీదుగా విడిగా అమ్ముడవుతుంది. వస్తువు పనితీరులో తేడా ఉండదు, తేడా అంతా వారంటీ బాధ్యత ఎవరిదన్న దగ్గరే వస్తుంది. ఇంటెల్ పెట్టెలో అమ్మే ప్రాసెసర్లకు సాధారణంగా 3 ఏళ్ల వారంటీని తానే ఇస్తుంది, ట్రే ప్రాసెసర్, అంటే పెట్టె లేకుండా టోకున వెళ్లే ప్రాసెసర్ కొన్నవారిని మాత్రం కొన్నచోటికే వెళ్లమంటుంది. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అస్థిరత సమస్య తలెత్తి, 2024లో వారంటీని మరో 2 ఏళ్లు పెంచినప్పుడు కూడా ట్రే ప్రాసెసర్ల విషయంలో ఆ సంస్థ ఇదే మాట చెప్పింది. అంటే ట్రే ప్రాసెసర్ కొన్నవారికి మిగిలే ఆధారం ఆ రీసెల్లర్ ఒక్కడే.

నా హార్డ్ డిస్కు ఎనిమిదో నెలలో పాడైంది. సీరియల్ నంబర్ ఇస్తే, అది కంప్యూటర్ తయారీదారుకు సరఫరా చేసిన డిస్కు కనుక అమ్మినవారిని సంప్రదించమని తయారీ సంస్థ చెప్పింది. అమ్మిన వ్యక్తి కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లమన్నాడు. ఐదు వారాల పాటు ఇద్దరి మధ్యా తిరిగాను. తయారీ సంస్థ నిబంధన ప్రకారమే మాట్లాడింది, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. కానీ అది ఏ రకం డిస్కో తెలిసి కూడా డబ్బు తీసుకునేటప్పుడు చెప్పకపోవడం అమ్మకందారు చేసిన తప్పేనని ఈనాటికీ నా అభిప్రాయం.

సీలు ఉంటే వస్తువు కొత్తదేనన్నది రెండవ మాట. కొత్తవిగా అమ్ముడైన సీగేట్ హార్డ్ డిస్కుల్లో కొన్ని అప్పటికే వేల గంటలు పనిచేసినవని 2025 ఆరంభంలో జర్మనీకి చెందిన హైసె వార్తాసంస్థ వెలుగులోకి తెచ్చింది. పనిచేసిన గంటలను చూపే స్మార్ట్ రికార్డును చెరిపివేసినా, ఫార్మ్ అనే మరో లోపలి రికార్డులో అసలు లెక్క మిగిలిపోవడం వల్ల ఆ మోసం బయటపడింది. సీగేట్ డిస్కు కొన్నవారు స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ రెండు లెక్కలనూ పోల్చి చూసుకోవడం అవసరం.

అమ్మిన తరువాత రీసెల్లర్‌కు బాధ్యత ఉండదన్నది కూడా నిజం కాదు. ఉదాహరణకు ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం కొత్త వస్తువులో లోపానికి కనీసం 2 ఏళ్లు జవాబుదారీ అమ్మకందారే. తయారీ సంస్థ ఇచ్చే వారంటీ దానికి అదనం.

అధీకృత డీలర్లు పేరుకే ఎక్కువ ధర వసూలు చేస్తారన్న చివరి మాటలో కొంత నిజం లేకపోలేదు. పాడైన భాగాన్ని అప్పటికప్పుడు మార్చి ఇచ్చే చిన్న రీసెల్లర్లను నేను చూశాను, వారి సేవ తయారీ సంస్థ సేవకన్నా వేగంగా ఉంటుంది. అందువల్ల రీసెల్లర్లందరినీ దూరం పెట్టమని నేను అనడం లేదు. వస్తువు పెట్టెలో వచ్చినదా, టోకు సరుకా, మొదటి రోజుల్లోనే పనిచేయకపోతే ఎవరు, ఎన్ని రోజుల్లోగా వెనక్కి తీసుకుంటారు అన్నవి డబ్బు చెల్లించకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. నా బిల్లు మీద "హార్డ్ డిస్కు - 1" అని మాత్రమే ఉంది. ఆ ఐదు వారాల్లో రెండు వారాలు, అది తాను అమ్మిన డిస్కేనని అమ్మకందారు చేత ఒప్పించడానికే సరిపోయాయి.