తిలాపాపం, తలా క్రెడిట్

ఇంగ్లండ్‌లో కొన్ని నదుల పరిసరాల్లో ఇల్లు కట్టాలంటే ముందు కిలోల లెక్క చెప్పాలట. కొత్త కాలనీ అంటే కొత్త మరుగుదొడ్లు. వాటి నుంచి నత్రజని, భాస్వరం నదిలోకి చేరతాయి. నాచు పెరుగుతుంది, నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలు చస్తాయి. అందుకే 2022 నాటికి 74 స్థానిక సంస్థల పరిధిలో షరతు పెట్టారు: ఎంత కలుపుతారో అంత ఇంకోచోట తగ్గించి చూపించాలి. చేతకాకపోతే తగ్గించినవాడి దగ్గర క్రెడిట్లు కొనుక్కోవాలి.

ఇదేదో వాళ్ల ఘనత అన్నట్టు చెప్పుకుంటుంటే ఒళ్లు మండింది. లేఅవుట్‌లో పార్కుకి జాగా వదలకపోతే, ఆ పార్కు ఖరీదు కట్టించుకుని ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద సక్రమం చేసే విద్య మనకి ఎప్పటినుంచో ఉంది. నదిని కూడా ఆ ఖాతాలో వేయడమే మిగిలింది.

శ్రీకాకుళంలో వెంటనే మొదలుపెట్టాలని నా డిమాండ్. నాగావళి పక్క ప్లాట్ల బ్రోచర్‌లో ‘రివర్ వ్యూ’ అని ఉంటుంది గానీ మురుగు ఎటు పోతుందో ఉండదు. అడిగితే బ్రోకరు నొచ్చుకుంటాడు: “ఏటండీ బాబూ, నదికే పోతాది. అందుకే కదా రివర్ వ్యూ అన్నాం!”

క్రెడిట్లకి కొదవేం లేదు. ఇంగ్లండ్‌లో ఎరువు వేయకుండా పొలం బీడు పెడితే క్రెడిట్ పుడుతుంది. ఆ లెక్కన యూరియా బస్తా కోసం తెల్లారగట్ల నుంచీ క్యూలో నిలబడి, ఖాళీ చేతుల్తో ఇంటికెళ్లిన మన రైతు పర్యావరణానికి ఎంత సేవ చేశాడు! అతనికి తెలీకుండా ఆ క్రెడిట్ అమ్మేసేవాళ్లు మండలానికొకరు సిద్ధంగా ఉంటారు. ఇక నత్రజని పీల్చడానికి వాళ్లు డబ్బు పోసి చిత్తడి నేలలు తయారుచేస్తారు. మనకి చెరువు నిండా గుర్రపుడెక్క. చుట్టూ కంచె, ముందు ఒక బోర్డు, అంతే ఖర్చు.

ఒక్కటే చిక్కు. ఈ ఏర్పాటు 80 నుంచి 125 ఏళ్లు నిలవాలంటారు వాళ్లు. మన దగ్గర బోర్డు మీద ఫొటోలే అయిదేళ్లకోసారి మారతాయి.

2023లో అక్కడి ప్రభుత్వం ఈ షరతు సడలించబోతే పార్లమెంటు ఎగువసభ అయిన లార్డ్స్ సభ అడ్డుపడింది. మనకా టెన్షన్ లేదు, సడలించాలన్నా ముందు అమలు చేయాలి కదా.

క్రెడిట్ల కౌంటర్ మాత్రం శ్రీకాకుళం ఊళ్లో డే అండ్ నైట్ జంక్షన్‌లో పెట్టండి. నది ఒడ్డున పెడితే ఆ వాసనకి కొనేవాడు రాడు.