బ్యాటరీ అడిగితే ఫోన్ అంటగడతారేం?

మూడేళ్లు కూడా నిండలేదు, నా ఫోన్‌లో బ్యాటరీ ఉబ్బి, వెనక భాగం పూరీలా పొంగింది. బల్ల మీద పెడితే బొంగరంలా తిరుగుతోంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు, "సార్, వెనక గ్లాస్ జిగురుతో అతికించి ఉంటుంది. వేడి చేసి ఊడదియ్యాలి, పగిలితే మా బాధ్యత కాదు. దానికంటే ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్నాడు. బ్యాటరీ మార్చమని వెళ్తే ఫోనే మార్చమంటాడు!

పాత నోకియా 1100 వెనక మూత చేత్తో తీస్తే వచ్చేసేది. కింద పడితే మూడు ముక్కలయ్యేది. ఏరుకుని, బిగించి, మళ్లీ హలో అనేవాళ్లం. ఇప్పుడేమో అంతా జిగురుతో మూసేసి, నీళ్లలో పడినా ఏం కాదని గొప్పలు. నేనేమైనా ఫోన్ పట్టుకుని చెరువులో ఈతకెళ్తున్నానా?

2016లో ఐఫోన్ 7 నుంచి ఆపిల్ హెడ్‌ఫోన్ జాక్ పీకేసింది. 2020లో పెట్టెలోంచి చార్జర్ తీసేసి, పర్యావరణం కోసమంది. అప్పుడు వెక్కిరించిన శాంసంగ్, 2021 జనవరికల్లా ఎస్21తో అదే పని చేసింది. పర్యావరణం మీద అంత ప్రేమున్నవాళ్లు, బ్యాటరీ మనమే మార్చుకునేలా చెయ్యొచ్చుగా! అబ్బే. ఫోన్లన్నిటికీ ఒకే రకం చార్జింగ్ పోర్టు ఉండాలని యూరప్‌లో చట్టం వచ్చాక గానీ ఐఫోన్‌కి టైప్-సి రాలేదు మరి.

ఉబ్బిన బ్యాటరీ ఎక్కడ అంటుకుంటుందోనని, ప్రస్తుతం నా ఫోన్ స్విచాఫ్ అయి బాల్కనీలో, ఇనప డబ్బాలో ఉంది. సిమ్ మా ఆవిడ ఫోన్‌లో ఉంది. నా ఓటీపీ వచ్చిన ప్రతిసారీ, "ఇప్పుడేం కొంటున్నారు?" అంటూ వంటింట్లోంచి కేక.