కొండకు విప్ జారీ చేయాలి

ఒడిశాలోని మా రాయగడ జిల్లా ప్రజాస్వామ్యంలో ఎంత వెనకబడి ఉందో నియమగిరి కొండే సాక్ష్యం. అక్కడ బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది పల్లెసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్లను ఎంచింది ప్రభుత్వమే, మా వైపు ఏడు, కలహండి వైపు అయిదు. జడ్జిగారి ఎదుట ఆ కొండ గిరిజనులు డొంగ్రియా కొంధులు ఒక్కొక్కరే లేచి, కొండ మా దేవుడు నియమరాజుది, ఇవ్వం అన్నారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి.

ఇదేం పద్ధతండీ? వాకౌట్ లేదు. ఓటింగ్ రోజున జ్వరం తెచ్చుకున్న సభ్యుడు లేడు. పార్టీ ఆఫీసు లేదు, కోశాధికారి లేడు. దాతకు మనసున్నా చెక్కు ఎవరి పేరున రాయాలి?

ఢిల్లీలో ఈ ఇబ్బంది లేదు. నియమగిరి బాక్సైట్ మీద కన్నేసిన, కొండ కింద లాంజీగఢ్‌లో అల్యూమినా రిఫైనరీ నడిపే వేదాంత ఉంది కదా, ఆ గ్రూపు కంపెనీల నుంచి కాంగ్రెస్, బీజేపీ రెండూ విరాళాలు తీసుకుని విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని 2014లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. మీరూ నేనూ అయితే డబ్బు తిరిగిచ్చేవాళ్లం. వాళ్లు శాసనకర్తలు, చట్టాన్నే తిరగరాశారు. 2016 ఫైనాన్స్ బిల్లులో సవరణ పెట్టి 2010 నుంచి వర్తింపజేశారు. అంతకు ముందు పుచ్చుకున్నవి మిగిలిపోయాయని 2018లో దాన్నే 1976 దాకా వెనక్కి జరిపారు. ఆ బిల్లును లోక్‌సభ గొడవ మధ్య చర్చ లేకుండానే పాస్ చేసేసింది. రోజూ జుట్లు పట్టుకునేవాళ్లకు ఎంత సఖ్యతో!

డబ్బిచ్చినందుకే ఓటేశారని నేననను. అనడానికి నాకేం పని? సభ్యుణ్ణి విడిగా కొనడమన్నది పాతకాలపు చిల్లర బేరం. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్, అంటే ఇటే ఓటెయ్యాలన్న పార్టీ హుకుం, కాదంటే సీటుకే ఎసరు. పార్టీ ఒక్కదాన్ని సంతోషపెడితే చేతులన్నీ వాటంతటవే లేస్తాయి.

ఇక దాతల వినయం చూడండి. మా సందులో వినాయక చవితికి 116 రూపాయలిచ్చిన కిరాణా కొట్టు మావయ్య, "ఏటి బాబూ, మైకులో నా పేరు వినబడనేదు?" అని పందిట్లోకొచ్చి నిలదీస్తాడు. మళ్లీ చదివించుకుని గానీ కదలడు. పార్టీలకు పేరు చెప్పకుండా ఇచ్చేందుకు కోట్లకు ఎన్నికల బాండ్లు కొన్న కంపెనీలకు ఆ కీర్తికాంక్షే లేదు. 2017లో కంపెనీల విరాళాలకు లాభాల్లో 7.5 శాతం అన్న పరిమితి ఎత్తేశాక నష్టాల్లో ఉన్నవాళ్లకు కూడా దానం చేసే భాగ్యం దక్కింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ బాండ్ల పథకం కొట్టేసి గుప్తదానాలన్నీ బయటపెట్టించింది. వేదాంత 400 కోట్లకు, మా కాశీపూర్ వైపు ఉన్న ఉత్కళ్ అల్యూమినా 145 కోట్లకు కొన్నట్టు ఊరందరికీ తెలిసిపోయింది. పాపం, ఎంత సిగ్గుపడ్డారో.

అందుకే పల్లెసభలకూ ఒక పార్టీ, ఒక ఖాతా, ఒక విప్ ఇవ్వాలని నా మనవి. అప్పుడే మా కొండలు బాగుపడతాయి.

సిజిమాలి అనే మరో బాక్సైట్ కొండలో ఆ మార్పు మొదలైనట్టే ఉంది. వేదాంతకే దక్కిన ఆ గని కోసం 2023 డిసెంబరు 8న ఒక్కరోజే పది పల్లెల్లో సభలు జరిగాయని, అందరూ సరేనన్నారని కాగితాలు చెబుతున్నాయి. సభలే జరగలేదు, సంతకాలు దొంగవి అని ఊళ్లవాళ్లు మొత్తుకుంటున్నారు. వాళ్లకేం తెలుసు, పార్లమెంటులో మాత్రం చర్చ జరిగిందా ఏమిటి?