ప్లానులో గీసిన చెట్లు

చెన్నైలో పెద్ద భవనానికి అనుమతి కోరుతూ సమర్పించే ప్లాను కాగితాన్ని ఎవరైనా ఒకసారి తీరిగ్గా చూడాలి. ప్రహరీ వెంట, గేటుకు రెండు పక్కలా, కార్ల వరుసల నడుమ చిన్న చిన్న ఆకుపచ్చ సున్నాలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో సున్న ఒక్కో చెట్టని అర్థం. భవనం లేచి, గృహప్రవేశాలై, రెండు వానాకాలాలు గడిచాక అదే కాగితం చేతపట్టుకొని ఆ ప్రాంగణంలోకి వెళితే, ఆ సున్నాలున్న చోట సిమెంటు పేవర్ ఇటుకలు, వాటి మీద స్కూటర్లు, ఓ మూల డీజిల్ జనరేటరు, దాని పక్కన బండి కోసం ఎదురుచూస్తున్న చెత్త డబ్బాలు కనిపించడం పరిపాటి. అంతటా ఇదే తీరని మేము అనడం లేదు. చెట్లను కంటికి రెప్పలా కాచుకుంటున్న సముదాయాలు పెరంబూరులోనూ ఉన్నాయి, పోరూరులోనూ ఉన్నాయి. అయితే అక్కడ చెట్టు బతికింది నివాసుల ఇష్టం మీద. ఆ ఇష్టం లేని చోట చెట్టును బతికించడానికే కదా నిబంధన ఉండవలసింది!

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, చెన్నై మహానగర రెండో మాస్టర్ ప్లాన్ కాలం 2026తో తీరిపోతుంది. తర్వాతి ఇరవై ఏళ్లకు మూడో ప్లానును చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ (సీఎండీఏ) సిద్ధం చేస్తోంది. ప్లాను మారుతున్నప్పుడు దానికి కాళ్లూ చేతులూ అయిన కట్టడ నియమాలనూ సరిచూసుకోవడం సహజం. ఇప్పుడు అమల్లో ఉన్న తమిళనాడు సమగ్ర అభివృద్ధి, భవన నిర్మాణ నియమావళి 2019లో వచ్చింది. అందులో నేల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చు, ఎంత ఎత్తు లేపవచ్చు, నాలుగు వైపులా ఎంత ఖాళీ వదలాలి అన్న కొలతలు పక్కాగా ఉన్నాయి. ఎత్తు 18.3 మీటర్లు మించిన బహుళ అంతస్తుల భవనమైతే చుట్టూ కనీసం 7 మీటర్లు వదలాలి. అగ్నిమాపక వాహనం తిరగడానికి ఆ స్థలం కావాలి కనుక అక్కడ చెట్లు నాటమని ఎవరూ కోరరు, కోరకూడదు కూడా. మా అభ్యంతరం ఆ కొలతలతో కాదు. పచ్చదనం ప్రస్తావన నియమాల్లో లేకపోలేదు గాని, మీటర్లకూ అంతస్తులకూ ఉన్న పట్టు దానికి లేదు. ఎంత వదిలారని అధికారి టేపు పట్టి కొలుస్తాడు. వదిలిన చోట మన్నుందా, సిమెంటుందా అని వంగి చూడడు.

ఓఎస్ఆర్ అని వాడుకలో పిలిచే బహిరంగ స్థల కేటాయింపును చూస్తే ఈ లోపం ఎంత లోతైనదో తెలుస్తుంది. 3,000 చదరపు మీటర్ల లోపు స్థలాలకు ఆ బాధ్యత లేదు. అక్కడి నుంచి 10,000 చదరపు మీటర్ల వరకు ఉన్న స్థలంలో రోడ్లు పోగా మిగిలిన దాంట్లో పదో వంతు వదలాలి, లేదా ఆ మేరకు భూమి విలువను ప్రభుత్వ మార్గదర్శక ధర చొప్పున చెల్లించాలి. 10,000 దాటితే, అంటే సుమారు రెండున్నర ఎకరాలు మించితే, డబ్బు కట్టి బయటపడే వీలు లేదు. ఆ పదో వంతు నేలను దానపత్రం రాసి, రిజిస్టరు చేసి ప్రజల వాడుకకు అప్పగించాలి. చదవడానికి ఇంతకంటే న్యాయమైన ఏర్పాటు ఉండదు. ఆచరణలో మాత్రం దానమిచ్చిన నేల చాలా చోట్ల దాత ప్రహరీ లోపలే ఉండిపోతోంది. గేటు దగ్గర కావలివాడు ‘ఎవరింటికి?’ అని నిలదీస్తే, పార్కుకు వెళుతున్నానని చెప్పి లోపలికి నడిచే ధైర్యం పక్క వీధి మనిషికి ఉంటుందా? ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంట అపార్ట్‌మెంట్లు కొనుక్కున్న మన తెలుగు ఉద్యోగుల్లో చాలామందికి, తమ పిల్లలు సైకిలు తొక్కుతున్న ఆ మూల స్థలం రికార్డుల ప్రకారం ఊరందరిదన్న సంగతే తెలియకపోవచ్చు. అమ్మేనాటి రంగుల బ్రోచరులో దాన్ని సముదాయపు సొంత తోటగా చూపించి ఉంటే ఆ తప్పు వారిది కాదు. ఇక మధ్యస్థ స్థలాల వారు చెల్లించే సొమ్ముతో ఏ చెట్టు, ఏ పేటలో పెరిగిందో ఆ పేటవాసులకు చెప్పే ఏర్పాటు కనిపించదు. భవనం వల్ల వేడీ రద్దీ పెరిగింది ఒక వీధిలో, దానికి పరిహారంగా జమైన డబ్బు వెళ్లింది ఎక్కడో ఉన్న ఖాతాలోకి. ఆ సొమ్మును అదే వార్డులో, గడువు పెట్టి, నేల మీదే ఖర్చు చేయాలన్నది మా మొదటి కోరిక.

నేల సంగతి ఎత్తాక నీటి మాట రాక తప్పదు. ఈ నగరంలో ఏడాదికి దాదాపు 1,400 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, అందులో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతో వచ్చిపడుతుంది. 2003లో ప్రతి ఇంటికీ ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేసిన రాష్ట్రం ఇది. ఆ విషయంలో దేశానికే దారి చూపింది. అయినా 2015 డిసెంబరులో మునిగాం, 2019 వేసవిలో నాలుగు జలాశయాలూ అడుగంటి బిందెలతో లారీల వెంట పరుగెత్తాం. మిద్దె మీది నీటిని గొట్టంతో గుంతలోకి దించి, చుట్టూ ఉన్న నేలంతా సిమెంటుతో మూసేస్తే జరిగేది అదే. కేంద్రం 2016లో విడుదల చేసిన నమూనా భవన ఉపనియమాల్లో ఇందుకు రెండు సూటి కొలతలు ఉన్నాయి. ప్రతి 80 చదరపు మీటర్ల స్థలానికి కనీసం ఒక చెట్టు ఉండాలి. వదలవలసిన ఖాళీలో కనీసం 20 శాతం నీరింకే నేలగా ఉండాలి. మన చెన్నై లెక్కలో చెప్పుకుంటే, గ్రౌండు స్థలానికి, అంటే 2,400 చదరపు అడుగులకు, రెండు మూడు చెట్లు, ఎకరాకు యాభై. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. కానీ భూమి రాష్ట్రాల పరిధిలోనిది కనుక నమూనా నమూనాగానే ఉంటుంది. రాష్ట్రం తన నియమావళిలోకి తీసుకుంటేనే దానికి బలం వస్తుంది.

పచ్చదనం కంటే తక్కువగా చర్చకు వచ్చేది మరుగు. ఒకరి వ్యాపారం మరొకరి పడకగది కిటికీలోకి చొరబడకుండా మధ్యలో ఏదైనా అడ్డు ఉండాలన్న ఆలోచన ఇది. త్యాగరాయనగర్ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం తర్వాత, మాంబళం చెరువు నేలలో గీత గీసినట్టు వేసిన పేట అది. పేరు త్యాగరాయ శెట్టిది, నడిమధ్య ఉన్న పార్కు పేరు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి పానగల్ రాజాది. ఇద్దరూ మన వారే కావడం తెలుగువారికి ఇప్పటికీ ఒక ముచ్చట. తోటల మధ్య ఇళ్లు ఉండాలని వేసిన ఆ పేటలో ఇవాళ ఉస్మాన్ రోడ్డు వెనక సందుల్లో నివసించేవారి పరిస్థితి ఏమిటి? పక్క గోడకు బిగించిన ఏసీ యంత్రాల వరస, రాత్రి సరుకు దించే లారీలు, కరెంటు పోగానే మొదలయ్యే జనరేటరు. జనరేటరును మూసే పెట్టెకు కేంద్ర నిబంధన ప్రకారం ఒక మీటరు దూరంలో 75 డెసిబెళ్ల వరకు శబ్దం అనుమతి. నివాస ప్రాంతంలో రాత్రిపూట ఉండదగిన శబ్దం 2000 నాటి నియమాల ప్రకారం 45 డెసిబెళ్లు. ఒక నిబంధనను పాటిస్తూనే ఇంకో నిబంధనను ఎలా ఉల్లంఘించవచ్చో చూపడానికి, రెండు గోడల మధ్య నాలుగడుగుల ఎడం చాలు.

కాబట్టి వ్యాపార, సంస్థాగత కట్టడం నివాసానికి ఆనుకొని వచ్చే ప్రతి హద్దు మీదా మరుగు పట్టీ తప్పనిసరి కావాలి. ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఒక వరస మొక్కలతో శబ్దం ఆగదు. శబ్దాన్ని ఆపేది సందులు లేని గోడ. మొక్కలు ఆపేది చూపును, కొంతవరకు దుమ్మును, ఎండ వేడిని. అందుకే రెండూ కావాలి: యంత్రాల వైపు గట్టి గోడ, దానికి ఇంటివైపున మన్నులో నాటిన పొదలూ చెట్లూ. జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు, చెత్త చోటు, సరుకు దించే చోటు హద్దుకు ఎంత ఎడంగా ఉండాలో ప్లానులోనే చూపాలి. దుకాణం వెలిశాక పక్కింటివారు పోలీసులకు ఫోన్లు చేసి పోట్లాడుకోవడం కంటే ఇదే మేలు.

అదే సమయంలో మరుగు అన్న మాటకు మరో ముఖం ఉంది. ప్రముఖులు వస్తున్నారంటే గుడిసెలకు పచ్చగుడ్డ కట్టడం మన నగరాలకు కొత్త కాదు. పేదల పేటను కనబడకుండా చేయడానికి ఈ నిబంధనను వాడుకునే వీలు ఇవ్వకూడదు. రోడ్డు వైపు కూడా అతి ఎత్తయిన మూతగోడలకు మేము వ్యతిరేకం. ఓఎంఆర్ మీద కొన్ని క్యాంపసుల గోడల వెంట సాయంత్రం ఒంటరిగా నడిచిన ఏ ఆడపిల్లనడిగినా కారణం చెబుతుంది. వీధి వైపు నడుము ఎత్తు కంచె, పైన ఊచలు, వెనక చెట్టు నీడ. పక్క ఇళ్ల వైపు నిండు మరుగు. వాహనాలు బయటికి వచ్చే గేటు దగ్గర మాత్రం పొదలు చూపుకు అడ్డు రాకుండా కత్తిరించి ఉండాలి.

ఏ మొక్క నాటాలన్నదీ నిబంధనే చెప్పాలి. లేకపోతే కొత్త భవనాల ముందు పచ్చిక బయలు పరిచి, ట్యాంకరు నీళ్లు పోసి దాన్ని పచ్చదనమని చూపించడం మానరు. 2019 నీటి ఎద్దడి చూసిన ఊరికి ఆ విలాసం తగదు. పచ్చిక ఎవరికైనా కావలసిందే అయితే సముదాయం శుద్ధి చేసుకున్న వాడకపు నీటితోనే పెంచుకోవాలన్న షరతు పెట్టాలి. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వేల చెట్లను ఒక్క పూటలో పడగొట్టింది. పడ్డ చెట్ల మొదళ్ల దగ్గర ఊడివచ్చిన సిమెంటు పెచ్చులు చూసినవారికి, వేరు పాకడానికి మన్ను లేని చెట్టు ఎంత బలహీనమో వేరే చెప్పనక్కరలేదు. ఢిల్లీలో చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది. వేప, కానుగ, పొన్న, పొగడ, నేరేడు ఈ తీరపు గాలికీ ఉప్పుకూ ఎండకూ తెలిసిన చెట్లు. ప్రహరీ వెంట బారులు తీరి ‘అశోక’ పేరుతో చలామణి అయ్యే నరమామిడి మరుగుకు పనికివచ్చేదే గాని, నీడ అడిగితే అది ఇవ్వలేదు.

భూమి ధర ఆకాశాన్నంటిన నగరంలో చదరపు అడుగు కూడా బంగారమేనని నిర్మాణదారులు అంటారు. మన పాఠకుల్లో మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, చిన్న బిల్డర్లు ఎందరో ఉన్నారు. వారి మాటను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి 2024లో ప్రభుత్వం స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. అలాంటి సొంత ఇంటివారి మీద కొత్త తనిఖీల బరువు మోపమని మేము కోరం. ఇంటి ముందు ముగ్గేసేంత మన్ను మిగుల్చుకోమని మాత్రం అడుగుతాం. బరువు మోయవలసింది వాణిజ్య భవనాలు, పెద్ద నివాస సముదాయాలు, గోదాములు. ఆ స్థాయి ప్రాజెక్టులో చెట్లకూ మరుగు పట్టీకీ అయ్యే ఖర్చు ముఖద్వారపు గ్రానైటు ఖర్చుతో పోల్చదగ్గది కూడా కాకపోవచ్చు.

ఇక అమలు. భవనం పూర్తయినట్టు ధ్రువపత్రం ఉంటేనే విద్యుత్తు, నీరు, మురుగు కనెక్షన్లు ఇవ్వాలన్న నియమం ఇప్పటికే ఉంది, చిన్న ఇళ్లకు మినహాయింపు కూడా ఉంది. చెట్టు విషయంలో ఆ ఒక్క తనిఖీ సరిపోదు, ఎందుకంటే తనిఖీనాడు నర్సరీ నుంచి తెచ్చి కుండీతో సహా పాతిన మొక్క మరుసటి వారం వెళ్లిపోవచ్చు. నిర్మాణదారు నుంచి ఒక ధరావతు తీసుకొని, మూడో ఈశాన్య రుతుపవనం ముగిశాక చెట్లు బతికి ఉన్నాయని చూసి తిరిగి ఇవ్వాలి. బతకనివాటి లెక్కన కోసుకోవాలి. అప్పటికి భవనం నివాసుల సంఘం చేతికి పోతుంది కనుక, సంరక్షణ బాధ్యత ఎప్పటి నుంచి ఎవరిదో అమ్మకం ఒప్పందంలోనే రాసి ఉండాలి. చెట్టు కొట్టడానికి ప్రైవేటు స్థలంలోనూ అనుమతి అడగాలని పక్కనున్న కర్ణాటక 1976లోనే చట్టం చేసి, వృక్ష అధికారిని నియమించింది. బెంగళూరు నేటి అవస్థ చూస్తే చట్టం ఒక్కటే చాలదని తెలుస్తుంది. అయితే పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించినప్పుడు అక్కడి పౌరులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1991లో దాన్ని రద్దు చేయించుకోగలిగారు. అది పార్కు స్థలమని వారికి తెలిసి ఉండడం వల్లనే అది సాధ్యమైంది.

చెన్నై పౌరులకు ఆ మాత్రం సమాచారమైనా దక్కాలి. 200 వార్డుల్లో ఇప్పటిదాకా దానపత్రాలతో వచ్చిన ఓఎస్ఆర్ స్థలాల జాబితాను సర్వే నంబరు, విస్తీర్ణం, అప్పగించిన తేదీలతో వార్డు కార్యాలయం గోడ మీద అతికించాలి. ప్రతి స్థలం గేటుకు కార్పొరేషన్ బోర్డు, దాని మీద తెరిచే వేళలు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. ఈ పనికి కొత్త చట్టమూ అక్కరలేదు, మూడో మాస్టర్ ప్లాను కోసం ఎదురుచూడనూ అక్కరలేదు. కమిషనరు ఒక సర్క్యులరు మీద సంతకం పెడితే వచ్చే వానాకాలం లోపే బోర్డులు లేస్తాయి.