సౌండ్ కార్డు కొనకపోతే పిల్లల చెవులు పోతాయా?

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకసారి, బంధువుల గ్రూపులో రెండుసార్లు, చివరికి శుభోదయం బొమ్మలు తప్ప మరేమీ పంపని మా మేనమామ నుంచి ఒకసారి, ఈ నెలలో ఒకే సందేశం నాకు నాలుగుసార్లు వచ్చింది. కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు, అంటే మదర్‌బోర్డుతో పాటు వచ్చే సౌండు చిప్పు నాసిరకమనీ, అది పిల్లల వినికిడిని దెబ్బతీస్తుందనీ, అందువల్ల 192 కిలోహెర్ట్జ్, 32 బిట్ల విడి సౌండ్ కార్డు ప్రతి ఇంటికీ, బ్లూటూత్ వాడేవారికి సైతం, తప్పనిసరి అనీ, పాత పాటల అసలు మాధుర్యం దానితోనే తెలుస్తుందనీ అందులోని సారాంశం.

బ్లూటూత్ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. కంప్యూటర్‌లో అంకెలుగా ఉండే పాటను ధ్వనిగా మార్చే చిప్పు ఆ హెడ్‌ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి, మీరు కొన్న కార్డు క్యాబినెట్‌లో దుమ్ము పట్టడం తప్ప చేసే పనేమీ ఉండదు. పాత పాటలంటారా, మోనో టేపు మీద ఎక్కని స్వరాన్ని ఏ కార్డూ పుట్టించలేదు.

ఇక ఆ అంకెల సంగతి. ఇక్కడ కిలోహెర్ట్జ్ అంటే ధ్వనిని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలుస్తారన్నది, బిట్లు అంటే ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా రాస్తారన్నది; కొలిచే వేగంలో దాదాపు సగం దాకా ఉన్న స్వరాలు దొరుకుతాయి. 1982లో వచ్చిన సీడీ 44.1 కిలోహెర్ట్జ్‌తోనే దాదాపు 22 కిలోహెర్ట్జ్ దాకా ధ్వనిని పట్టుకుంది. మనిషి చెవి 20 దగ్గరే ఆగిపోతుంది, వయసు మళ్లినవారికి అందులోనూ కోత పడుతుంది. పైగా మదర్‌బోర్డు సౌండు చిప్పుల కోసం వచ్చిన 2004 నాటి ఇంటెల్ హెచ్‌డీ ఆడియో ప్రమాణంలోనే 192 కిలోహెర్ట్జ్, 32 బిట్లకు చోటుంది. ఇంట్లో గబ్బిలాలకు సంగీతం నేర్పేవారెవరైనా ఉంటే వారు ఈ అంకెల గురించి విడిగా ఆలోచించుకోవచ్చు.

నన్ను నిజంగా మండించినది పిల్లల చెవుల మాట. చెవికి హాని చేసేది చిప్పు ధర కాదు, శబ్దం ఎంత పెద్దది, ఎంతసేపు వింటున్నాం అన్నవే. పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెళ్లు, పిల్లలకు అంతే సమయం 75 డెసిబెళ్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దులు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ వినదగిన సమయం సగానికి పడిపోతుంది. మా పక్కింటి అబ్బాయి ఆన్‌లైన్ పాఠం వింటుండగా వంటింట్లో మిక్సీ మొదలైంది, వాడు వాల్యూమ్‌ను నూటికి తోశాడు. కాసేపటికి మిక్సీ ఆగింది గానీ వాల్యూమ్ అక్కడే ఉండిపోయింది, గుమ్మంలో నిలబడిన నాకు మాస్టారి గొంతు వాడి హెడ్‌ఫోన్‌లోంచి వినిపిస్తూనే ఉంది. ఇలాంటి ఇంట్లో బలమైన యాంప్లిఫయర్ ఉన్న కార్డు పెడితే శబ్దం ఇంకా పెరగగలదు, వేలు పోశాం కాబట్టి భయం లేదని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. ఆ పూటకు కావలసింది కార్డు కాదు, వంటింటి తలుపు వేయడం.

అయితే మదర్‌బోర్డు సౌండులో లోపమే లేదని నేను అనను. నా కంప్యూటర్ ముందు సాకెట్‌లో హెడ్‌ఫోన్ పెట్టినప్పుడు మౌస్ కదిపితే చాలు, సన్నగా జుయ్యిమని వినిపించేది. క్యాబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డును ఆనుకుని పోయే తీగ ఆ రొదను పట్టుకుంటోంది, వెనుక సాకెట్‌కు మార్చగానే పోయింది. మైకు విషయంలో మాత్రం అంత తేలిగ్గా బయటపడలేదు. అమ్మ చదివిన పద్యాలను రికార్డు చేస్తే ఆమె గొంతు కింద బుస్సుమనే శబ్దం ఏ సాకెట్ మార్చినా పోలేదు, చివరికి యూఎస్‌బీ మైకు కొనవలసి వచ్చింది. మైకు సాకెట్ వెనుక ఉండే భాగాన్ని తయారీదారులు మెరుగుపరచాలని ఎవరైనా రాస్తే నేనే నలుగురికి పంపుతాను, కానీ అంత పొడుగు సందేశంలో మైకు ఊసే లేదు.