గీసేది ఒకరు, సున్నం కొట్టేది ఇంకొకరు

ఫ్లైఓవర్ ప్రారంభానికి వారం ముందు స్తంభాల మీద నెమళ్లు, బతుకమ్మలు, చార్మినార్లు ప్రత్యక్షమవుతాయి. రెండు వానలకు నెమలి తోక పొక్కిపోతుంది, మూడో వానకు పెచ్చులూడుతుంది. దాని మీద కోచింగ్ సెంటర్ పోస్టర్, దాని మీద పార్టీ పోస్టర్. ఎవరో పెద్దలు వస్తున్నారనగానే రాత్రికి రాత్రి అన్నిటి మీదా ఒకే బూడిదరంగు. బొమ్మ వేసిన చిత్రకారుడికి మాట మాత్రంగానైనా చెప్పరు. మన నగరాల్లో ఏళ్లుగా చూస్తున్న తంతే ఇది.

ఊరు రంగులతో కళకళలాడితే తప్పేమిటని, నలుగురు కుర్రాళ్లకు పని దొరుకుతోంది కదా అని అనేవారున్నారు. దొరకనివ్వండి. చెరిపేవారికి జవాబుదారీ ఎందుకు లేదన్నదే మా ప్రశ్న.

ముందు పెచ్చుల సంగతి. కొత్త కాంక్రీటు ఘాటైన క్షారం, పీహెచ్ 12 దాటి ఉంటుంది. కనీసం 28 రోజులు ఆగి, పూర్తిగా ఆరాక, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేసి ఆపైన రంగెయ్యాలి. ముహూర్తం తరుముకొస్తోందని పచ్చి స్తంభానికే పూస్తే, లోపలి తేమ బయటికొస్తూ లవణాలను మోసుకొచ్చి రంగు అడుగున తెల్లటి పొడిగా పేరుస్తుంది. ఎనామిల్ అయితే మరీ చేటు, తేమకు దారే మూసేస్తుంది. ఇక పైనుంచి వచ్చే నీళ్లు. వాహనాలు నడిచే పైపలక, అంటే డెక్, అతుకులు కారుతుంటాయి. వాననీటి పైపు సగంలో విరిగితే మురికంతా స్తంభం మీదుగానే దిగుతుంది. అడుగున మీటరు ఎత్తు వరకు చక్రాలు చిమ్మే బురద. జేగురు, పసుపు మట్టి లాంటి ఇనుప ఆక్సైడ్ రంగులు ఎండకు నిలుస్తాయి. మెరిసే గులాబీలు, ఊదాలు చాలావరకు త్వరగా వెలిసిపోతాయి. ఇంకో ప్రమాదం ఎవరికీ పట్టదు. వంతెన తనిఖీకి వచ్చే ఇంజినీరు చూడాల్సింది వెంట్రుకవాసి పగుళ్లు, తుప్పు మరకలు. వాటి మీద మందపాటి నెమలిని కూర్చోబెడితే ఆయనకు కనిపించేది నెమలే.

బొమ్మను డివైడర్ రాళ్లకు వేసే నలుపు తెలుపు పట్టీతో జమకడితే ఇంతే అవుతుంది. 1213 నాటి శాసనమున్న రామప్ప గుడిలో ఎర్ర ఇసుకరాతి కట్టడానికి నల్లరాతి మదనికలను, అంటే స్త్రీమూర్తుల శిల్పాలను, చూరు కింద నిలబెట్టారు. ఏ రాయి ఎక్కడ, దాని మీద ఏ నీడ అన్నది కడుతున్నప్పుడే తేలింది. ఇప్పుడూ సాధ్యమే. సెంట్రింగ్ పలకల్లోనే అచ్చు బిగించి పోస్తే బొమ్మ కాంక్రీటులో భాగంగానే వస్తుంది, ఊడడానికి రంగే ఉండదు. అచ్చు లోతును లోపలి ఇనుప కడ్డీలను కప్పే కాంక్రీటు పొర (కవరు) లోంచి కోయకుండా అదనంగా లెక్కించాలి, అంతే. అందుకు శిల్పిని డ్రాయింగ్ దశలోనే పిలవాలి. మనవాళ్లు పిలిచేది రిబ్బన్ కొన్నాక.

అసలు భయం కోర్టు తీర్పుల దగ్గర ఉంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం ప్రభుత్వమే 1957లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు పని అప్పగించి, 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తున కంచు కుడ్యశిల్పం చేయించుకుంది. 1979లో ఊడబెరికి స్టోర్‌రూముల పాలు చేసింది. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, సొమ్ము తీసుకున్నా తన కృతిని వికృతం చేయకుండా అడ్డుకునే కళాకారుడి హక్కు పోదని 2005లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. మిగిలిన ముక్కలు తిరిగివ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని ఆదేశించింది. ధ్వంసం చేయడమంటే వికృతం చేయడంలో పరాకాష్ఠేనని కూడా చెప్పింది.

అదే ఢిల్లీలో, 1972లో వాస్తుశిల్పి రాజ్ రేవల్, ఇంజినీరు మహేంద్ర రాజ్ కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్ ప్రదర్శనశాలను 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి నేలమట్టం చేశారు. 60 ఏళ్లు నిండలేదు కనుక అది వారసత్వ కట్టడం కాదట! రేవల్ కోర్టుకెక్కితే 2019లో అదే హైకోర్టు, యజమాని కూల్చుకుంటే వాస్తుశిల్పి అడ్డుకోలేడంది. పూర్తిగా కనబడకుండా పోయిన దానితో పరువుకు భంగం లేదంది. అంటే కొంత చెడగొడితే తప్పు, ఆనవాలు లేకుండా చేస్తే ఒప్పు! ఆ తీర్పు భవనం గురించే, గోడబొమ్మ గురించి కాదు. కానీ సగం చెరిపితే చిక్కు, మొత్తం చెరిపితే నిశ్చింత అన్న పాఠం మున్సిపల్ కార్యాలయాలు నేర్చుకోవని నమ్మకమేమిటి? బూడిదరంగు డబ్బాలు ఆ పాఠాన్ని ఇప్పటికే ఆచరిస్తున్నాయి. రేపు ఆ డబ్బా పక్కన ఈ తీర్పు నకలు కూడా పెడతారు.

కాంట్రాక్టు కాగితంలో మూడు వాక్యాలు చేరిస్తే చాలు. ఐదేళ్ల పాటు బొమ్మ బాగోగులు ఎవరివి? పోస్టర్లు పీకేది ఎవరు? తీసేయాల్సి వస్తే 30 రోజుల ముందు చిత్రకారుడికి రాతపూర్వకంగా తెలిపే అధికారి ఎవరు? ఈ మూడూ రాసి సంతకం పెట్టలేని వారు గోడలకు కళ అద్దుతున్నామని ఫొటోలు దిగడం మానుకోవాలి. కొత్త నెమలికి టెండర్ పిలిచే ముందు నిచ్చెన వేయించి, స్తంభం మీద కారుతున్న ఆ పైపు బిగించండి.